రాణిగారి ఫొటోకు ఒక మేకు

పోయిన ఆదివారం విద్యానగర్ నుంచి మా మనవరాలు మేఘన వచ్చింది. అశోక్ నగర్‌లోని మా ఫ్లాటుకు వచ్చినప్పుడల్లా అది ముందు నా బీరువాను పలకరించి, తరువాత నన్ను పలకరిస్తుంది. ఈసారి బీరువా నెత్తి మీది బిస్కట్ల డబ్బా దించింది. మూత తీస్తే బియ్యం. బియ్యంలో చెయ్యి పెడితే గుడ్డలో చుట్టిన లెన్సు. తేమ తగలకూడదని నేనే ఎప్పుడో పెట్టి మరిచిపోయాను. పురుగులు బియ్యాన్ని పిండి చేశాయి గానీ లెన్సు జోలికి పోలేదు.

“తాతా, లెన్సును బియ్యంల పెడతరా ఎవరన్న? కుక్కర్ల ఎక్కిద్దామనుకున్నవా?”

“దాని సంగతి నీకేం తెలుసు బిడ్డా! జర్మనీ సరుకు. ఒక నవాబుగారి కొడుకు బేగంల ఫొటోలు తీసుకుందామని ఓడల తెప్పించుకున్నడు. ఆయన చేతులకెల్లి నా చేతికి వచ్చింది.”

మేఘన లెన్సు అంచును కిటికీ వెలుగుకు తిప్పి చదివింది. “మేడిన్ జపాన్ అని ఉన్నది తాతా.”

“ఓడ జపాన్ మీదికెల్లి వచ్చింది.”

పాఠకులకు నిజం చెప్పాలి గదా. నవాబూ లేడు, ఓడా లేదు. అది నారాయణగూడలో స్టూడియో నడిపిన మూర్తిగారి లెన్సు. ఎనభై అయిదు మిల్లీమీటర్లది, మనిషి ముఖం తీయడానికే పుట్టింది. ముందు గాజు పెద్ద నిమ్మకాయంత ఉంటుంది. దాని ద్వారం పూర్తిగా తెరిస్తే చిన్న బల్బు వెలుగులో కూడా ఫ్లాష్ లేకుండా ఫొటో వస్తుంది. కానీ ఆ వరానికి ఒక శాపం ఉంది. అట్లా తెరిచి తీస్తే, గురి పెట్టిన చోటు ఒక్కటే స్పష్టంగా వస్తుంది. దానికి రెండు వేళ్ల ముందున్నదీ వెనుకున్నదీ మంచులో కలిసిపోతాయి. ముక్కు వస్తే చెవి పోతుంది. మూర్తిగారు దుకాణం మూసేనాడు దాన్ని నా చేతిలో పెట్టారు. ఎందుకు పెట్టారో చెప్పాలంటే మా మేనమామ సంగతి చెప్పాలి, ఆయన సంగతి చెప్పాలంటే మా అత్తమ్మ సంగతి చెప్పాలి. ఆమె అనుమతి లేకుండా మా ఇంట్లో ఏ కథా మొదలయ్యేది కాదు.

మేఘనకు డాన్సు వాళ్ల ఫొటోలు తీసే పిచ్చి ఉంది. దాని దగ్గర ఒక ఇత్తడి రంగు చుట్టు ఉంది. అది పెడితే ఏ పాత లెన్సయినా కొత్త కెమెరాకు అతుకుతుందట. ఆ సాయంత్రం చిక్కడపల్లి సభ హాలులో పిల్లల నృత్య ప్రదర్శన ఉంటే, “రా తాతా, నీ నవాబు ప్రతాపం చూద్దాం” అని నన్ను ఆటోలో ఎక్కించుకుని తీసుకుపోయింది. మెట్రో స్తంభాల కింద నుంచి పోతుంటే నాకు చిక్కడపల్లి చిక్కడపల్లిలా ఉండదు. ఎవరో పాత ఇంటికి పెద్ద మంచం అడ్డం వేసినట్టు ఉంటుంది. కానీ ఆ సభ వెనుక గదిలోకి అడుగు పెడితే వాసన మాత్రం మారలేదు. కొబ్బరినూనె, పౌడరు, మల్లెలు, చెమట, ఎవరి డబ్బాలోదో పులిహోర. ఒక పిల్ల పూర్తి వేషంలో, పాపిటబిళ్ల దిద్దించుకుంటూ కూర్చుంది. మేఘన కెమెరాకు సొంత లెన్సు ఉన్నప్పుడు ఒక ఆకుపచ్చ గడి తనంతట తానే పోయి మనిషి కన్ను మీద కూర్చుంటుంది. నా లెన్సు పెడితే ఆ గడి రాదు, చేత్తో తిప్పుకోవలసిందే. నేను ఊపిరి బిగబట్టి, మోచేతులు పక్కలకు ఆనించి, తిప్పి తిప్పి నొక్కాను. మేఘన వెనుక తెర మీద పెద్దది చేసి చూసింది.

“తాతా, గాజులు మస్తు వచ్చినయ్. పిల్ల ఏడుంది?”

నాకు నవ్వు ఆగలేదు. ఆ మాట నేను విన్నది అదే మొదటిసారి కాదు.

చదువు పేరుతో హైదరాబాదు వచ్చి, చిన్న ఉద్యోగం దొరికినా కదలకుండా మా మామ ఇంట్లోనే తిష్ట వేసిన రోజులవి. చిక్కడపల్లి కూరగాయల మార్కెటుకు వెనుక సందులో ఇల్లు. ముందు ఒక అర్ర, వెనుక వంటిల్లు, మధ్యలో ఆకాశం కనబడే చిన్న వాకిలి. వాకిట్లో ఒక మూల ఇసుక మీద కూర్చోబెట్టిన నీళ్ల రంజన్. మామ పేరు నర్సింగరావు. పొద్దున కోఠి వైపు ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. సాయంత్రం మా సందులో మాత్రం అందరికీ ‘రాణిగారు’. ఆఫీసు వాళ్లంతా కలిసి పెట్టుకున్న నాటక సంఘంలో ఆయన ఆడ వేషం కట్టేవాడు. సంఘానికి ఒకే నాటకం ఉండేది. వాళ్ల హెడ్ క్లర్కే రాశాడు. రాజు వేట పేరు చెప్పి పొద్దుపోయి ఇంటికి వస్తాడు, రాణి అలిగి అంతఃపురం తలుపు వేసుకుంటుంది, రాజు బతిమాలుతాడు. కథ అంతే. మిగతాదంతా పద్యాలు. ఆ అలిగిన రాణిని చూడటానికి బాగ్ లింగంపల్లి నుంచి, కాచిగూడ నుంచి జనం వచ్చేవారు. రైళ్లు కూడా ఆపుకుని వచ్చేవారు అని రాద్దామనుకున్నాను. రైళ్లు ఆగలేదు. కుర్చీలు మాత్రం నిజంగానే చాలేవి కావు.

ఆట ఉన్న రోజు ఇంటి లయే వేరు. తెల్లవారి మామ శొంఠి, మిరియాలు నమిలి, గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించేవాడు. ఆ గరగర విని పక్కింటి వాళ్లు గడియారం సరిచేసుకునేవారు. ఆ రోజు పెరుగు ముట్టడు, గట్టిగా మాట్లాడడు, ఆఫీసులో కూడా సైగలతోనే పని నడిపేవాడట. ఒకసారి గడ్డం గీసుకుని, భోజనం చేసి, మళ్లీ గీసుకునేవాడు. మధ్యాహ్నం నేను కోఠి దగ్గరి డ్రెస్సుల దుకాణం నుంచి కిరాయి పెట్టె మోసుకొచ్చేవాణ్ణి. జరీ చీర, గిల్టు వడ్డాణం, అట్టకు బంగారు కాగితం అంటించిన కిరీటం. ఆ పెట్టె తెరిస్తే కలరా ఉండల వాసనతో పాటు అంతకు ముందు కట్టిన రాణులందరి చెమట వాసనా వచ్చేది. మామ ఆ నగలను ఒక్కొక్కటే స్పిరిటు గుడ్డతో తుడిచేవాడు. చీర కుచ్చిళ్లు అత్తమ్మ కంటే చక్కగా పెట్టేవాడు. ఆ సంగతి అత్తమ్మ ముందు ఎవరూ అనేవాళ్లం కాదు.

అత్తమ్మ పేరు ఆండాళు. పొట్టి మనిషి, పొడుగు జడ. ఆమె కోపానికి ఒక పద్ధతి ఉండేది. అరవదు, ఏడవదు. చాటలో బియ్యం వేసుకుని, వాకిట్లో మా అందరికీ వీపు చేసి పీట మీద కూర్చునేది. జడను వెనుక నుంచి ముందుకు విసిరేది; ఆ విసురుకు గాలి వచ్చేది. ఎడమచేతి చూపుడు వేలికి కొంగు చివర చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. బియ్యంలో దొరికిన రాయి ప్రతిదీ ఇత్తడి పళ్లెంలో టింగుమని పడేది. మామతో ఒక్క మాట మాట్లాడదు. చెప్పవలసిందంతా రంజన్‌తో చెప్పేది.

“రంజన్ తల్లీ, సూసినవా? దొరవారు ఇప్పుడు దిగిండ్రు. కూర సల్లగైంది. సల్లగైందే తినమను.”

మామ కూడా రంజన్ వైపే తిరిగి, “జర లేటైంది, రిహార్సల్ ఉండె అని చెప్పు” అనేవాడు. ఒక మట్టికుండ ఆ ఇంట్లో అన్ని తగాదాలు విన్నది, ఎవరి పక్షమూ పట్టలేదు. అందుకే దాని నీళ్లు అంత చల్లగా ఉండేవని నా నమ్మకం.

అత్తమ్మ ఆ నాటకాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. సందులో ఆడవాళ్లందరూ చూశారు. ఆమె జడ విసిరితే పక్కింటి విమలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయేది; ఎందుకు నవ్విందో అత్తమ్మకు తెలియదు, నాకూ తెలియదు. ఆట రోజు నేను వేషాలు, తెరలు మోసే పనిలో వెనుక వైపే తిరుగుతుంటాను కాబట్టి, నేను కూడా నాటకాన్ని ఎన్నడూ ఎదురుగా కూర్చుని చూసినవాణ్ణి కాను. “అత్తమ్మకు నాటకాలు నచ్చవు రా” అని మామ అనేవాడు. అత్తమ్మను అడిగితే, “రమ్మన్నడా ఎన్నడన్న?” అని రంజన్‌ను అడిగింది.

ఇట్లా నడుస్తున్న ఇంట్లో ఒకనాడు మామ ముఖం చిన్నది చేసుకుని వచ్చాడు. వచ్చే ఆటతో ఆయన రాణి వేషం ఆఖరట. తరువాత నుంచి రాణిగా ఒక అమ్మాయినే పెడతామని సంఘం తీర్మానం చేసింది. న్యాయమైన మాటే. మామ కూడా న్యాయమే అన్నాడు. ఆ రాత్రి భోజనం దగ్గర మాత్రం, ముందు అర్ర గోడ వైపు చూస్తూ అడిగాడు.

“ఆండాళూ, గోడ మీద ఒక్క మేకంత జాగ ఇయ్యరాదూ. రాణి వేషంల ఒక ఫొటో పెట్టుకుంట.”

ఆ గోడ అత్తమ్మది. దాని మీద వెంకటేశ్వరస్వామి, వాళ్ల నాయన, ఒక బట్టల దుకాణం క్యాలెండరు. నాలుగో మేకుకు జాగా ఉంది. మామకు అప్పటిదాకా వేషంలో సరైన ఫొటో లేదు. సంఘం వాళ్లు ఫ్లాషుతో తీయించినవి ఒకటి రెండు ఉన్నాయి. తెల్లపొడి పూసిన ముఖం మీద ఆ వెలుగు పడి, రాణిగారు కొత్తగా సున్నం వేసిన గోడలా ఉన్నారు. అవి చూసి మామే దాచేశాడు.

అత్తమ్మ మజ్జిగ వడ్డించి, రంజన్ వైపు తిరిగింది. “నా గోడ మీద ఇంకో ఆడది ఉండొద్దని చెప్పు.”

మామ అన్నం కలుపుకున్నాడు.  ఆయన అంత తొందరగా ఓడిపోవడం నేను ఎన్నడూ చూడలేదు. నాకు మామ అంటే ప్రాణం. అందుకని ఛాతీ విరుచుకుని చెప్పాను: “మామా, ఫొటో నేను తీస్త. చూసినంక అత్తమ్మే మేకు కొట్టమంటది.” అప్పటికి నేను తీసిన ఫొటోల్లో సగం తలకాయలు లేనివి. ఆ మాట మామకు తెలుసు. అయినా “సరే అల్లుడా” అన్నాడు. ఆయనకు ఇంకో దారి లేదు.

మరునాడే నారాయణగూడ పోయి మూర్తిగారి ముందు నిలబడ్డాను. ఆయనది కోస్తా వైపు. హైదరాబాదుకు వచ్చి చాలా ఏళ్లయినా మాట మారలేదు. పెళ్లిళ్ల ఫొటోలు తీసి తీసి విసిగిపోయి, వేషాలు కట్టేవాళ్లంటే ప్రాణం పెట్టేవారు. సంగతంతా విని, అద్దాల బీరువా లోంచి ఈ లెన్సు తీసి, తన పాత కెమెరాకు తగిలించి, పసిపాపను అందించినట్టు అందించారు.

“చూడు బాబూ, దీంతో ఫ్లాషు అక్కర్లేదు. బల్బు చాలు. అయితే ఒకటే మాట. కళ్లు. కనుబొమ్మ కాదు, కనురెప్ప కాదు. కళ్లు తప్పితే ఫొటో తప్పినట్టే. అర్థమైందాండీ?”

“అయింది సార్.”

“అవలేదు. ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి వారం పాటు చేయి తిప్పుకో.”

ఇంట్లో కదలకుండా కూర్చునే మనిషి ఎవరు? అత్తమ్మ. అదీ అలిగినప్పుడు. ఆఖరి ఆటకని రిహార్సళ్లు పెరిగాయి, మామ రోజూ ఆలస్యం; ఆమె రోజూ అలక. నాకు కరువు లేదు. వాకిట్లో పైనుంచి పడే మెత్తటి వెలుగులో, చాట ముందు పెట్టుకుని, సగం తిప్పిన ముఖంతో ఆమె కూర్చుంటే, నేను గడప మీద కూర్చుని లెన్సు తిప్పేవాణ్ణి. “ఏందిర అది, కండ్ల ముందల బుడ్డి బెట్టుకున్నవు?” అనేది. “నేర్చుకుంటున్న అత్తమ్మా” అంటే, “నేర్చుకో, నేర్చుకో. ఈ ఇంట్ల అందరు నేర్సుకునేటోళ్లే, బియ్యం ఏరేటోళ్లు లేరు” అని రాయి టింగుమనిపించేది. ఒక మంచి క్షణంలో ఆమె జడ విసిరి, వేలికి కొంగు చుట్టుకుంటుంటే నొక్కాను. ఆ ఒక్కటీ బాగా వచ్చిందని లోపల అనిపించింది.

ఆట రోజు వచ్చింది. అదే సభ వెనుక గదిలో ఒక్కటే బల్బు, అదీ పసుపుపచ్చది. మేకప్ అయ్యేదాకా మామ ఫొటో తీయనియ్యడు. సగం రంగుతో ఉన్న ముఖం నర్సింగరావుదీ కాదు, రాణిదీ కాదు, దాన్ని పట్టుకోవద్దు అని ఆయన నియమం. కిరీటం ఎక్కాక ఇంక ఎవరూ ఆయన్ను పేరు పెట్టి పిలవరు. రాజు వేషం కట్టిన టైపిస్టు కూడా, బీడీ ఆర్పేసి, “రాణీ, జర జరుగు, నా కత్తి నీ కింద ఉంది” అనేవాడు.

నేను కెమెరా ఎత్తాను. కిరీటం కింద ముఖం అంతా ఒకే రంగు. మసక వెలుగులో కళ్లు కాటుకలో మునిగిపోయాయి. గురి ఎక్కడ పెట్టినా అదే పసుపు ముద్ద.  చుట్టూ జనం. గంట కొట్టారు. మామ లేచి, తెర పక్కన నిలబడి, మొదటి పద్యానికి ముందు ఒక్క క్షణం తనలో తాను రాణి అయ్యాడు. జడ ముందుకు విసిరాడు. ఎడమచేతి వేలికి కొంగు చుట్టుకున్నాడు. నేను నొక్కాను. ఆ క్షణం కోసమే కాచుకుని కళ్లను గురి చూసి కొట్టానని తరువాత చాలా ఏళ్లు చాలామందికి చెప్పాను. ఒక పత్రిక వాళ్లు వచ్చి అడిగితే వాళ్లకూ చెప్పాను. అది కూడా అబద్ధమే. పత్రిక వాళ్లు రాలేదు.

తెర లేచింది. ఫొటో కోసమని ఆ రోజు తెరల పని నాకు పెట్టలేదు కాబట్టి, నేను మొదటిసారి పక్కన నిలబడి ఆట చూశాను. రాజు వచ్చి తలుపు తట్టాడు. రాణి ఆయనకు వీపు చేసి కూర్చుంది. పక్కనున్న దీపపు స్తంభం వైపు తిరిగింది.

“ఓ దీపమా! చూచితివా, ఏలినవారికి ఇప్పటికి ఇల్లు గుర్తుకు వచ్చినది!”

సభ దద్దరిల్లింది. ముందు వరుసలో విమలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది. నేను మాత్రం అప్పటికీ, “ఇది ఎక్కడో విన్నట్టుందే” అని తల గోక్కుంటూ నిలబడ్డాను. మా ఇంటి రంజన్ నీళ్లు రోజూ తాగే మనిషిని. అంత తెలివి.

నాకు తెలివి వచ్చింది మూర్తిగారి చీకటి గదిలో. అత్తమ్మదీ రాణిగారిదీ రెండు ఫొటోలూ ఒకే రీలులో ఉన్నాయి. ఆయన కడిగి, తాడుకు క్లిప్పులు పెట్టి పక్కపక్కనే ఆరవేశారు. ముందు రాణిగారి ఫొటో చూశాను. కళ్లు లేవు. అంటే ఉన్నాయి, మంచులో ఉన్నాయి. కిరీటం తెల్లమబ్బు అయింది, ముఖం మెత్తటి వెలుగు ముద్ద అయింది. కత్తిలాగా వచ్చింది ఒక్కటే. ఛాతీ దగ్గరి చెయ్యి. గిల్టు గాజులు, చూపుడు వేలు, దానికి చుట్టుకున్న కొంగు. మసకలో గురి దొరక్క, మెరిసేదాన్ని చూసి అక్కడ ఆపాను గదా, ఆ మెరిసేవి గాజులు.

“గాజులు బ్రహ్మాండంగా వచ్చాయి బాబూ” అన్నారు మూర్తిగారు. “మనిషేరీ?”

 మామకు ఆఖరి ఆట అయిపోయింది. ఇంకొకటి తీద్దామంటే రాణి లేదు. ఇంక మేకు మాట దేవుడెరుగు. మూర్తిగారు మాత్రం రెండు ఫొటోలనూ మార్చి మార్చి చూస్తున్నారు.

“ఈవిడా, ఆవిడా అక్కచెల్లెళ్లా ఏంటి?”

“ఎవరు సార్?”

“ఈ బియ్యం ఏరే ఆవిడా, ఈ రాణీ. చెయ్యి చూడు. జడ చూడు. ఆ భుజం చూడు. ఒకే తల్లి పిల్లల్లా ఉన్నారు.”

అప్పుడు చూశాను. ఒకే చెయ్యి. అదే ఎడమచెయ్యి, అదే వేలు, కొంగు అదే తీరుగా రెండు చుట్లు. జడ పడిన చోటు కూడా అదే. దీపపు స్తంభం, రంజన్, విమలమ్మ నవ్వు, “అత్తమ్మకు నాటకాలు నచ్చవు రా” అన్న మామ మాట, అన్నీ ఆ ఎర్ర లైటులో ఒకదాని వెనుక ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఊరంతా టికెట్టు లేకుండా చూస్తున్నది మా అత్తమ్మనే. ఆమెకు ఒక్కదానికే తెలియదు. ఆమె రాకుండా మామ ఎందుకు చూసుకున్నాడో ఇప్పుడు తెలిసింది.

సాయంత్రం ఆఫీసు ముందు కాపు కాసి మామకు రెండూ చూపించాను. ఆయన తన ఫొటోను చూసి బాధపడతాడనుకున్నాను. పక్కనున్న అత్తమ్మ ఫొటో చూసి ఆయన ముఖంలో నెత్తురు పోయింది.

“అల్లుడా, నీకు దండం బెడ్త. ఈ రెండు ఒక్క కాడ పెట్టకు. ఆమెకు కనవడ్డదనుకో, నాకు మేకు గాదు, గడప గూడ ఉండది.”

“గట్లెట్ల చేసినవ్ మామా?”

“ఏం జేయాలె రా? హెడ్ క్లర్కు రాణి అలుగుతది అని రాసిండు. ఎట్ల అలుగుతదో రాయలే. నాకు తెలిసిన అలక అదొక్కటే.”

రెండింటినీ విడివిడిగా దాచాలని తీర్మానించుకుని ఇల్లు చేరాం. మా తీర్మానం వంటింటి గడప దాటలేదు. కవరు నా చంకలో ఉంది. అత్తమ్మ ఛాయ్ గ్లాసు ఇస్తూ రెండో చేత్తో కవరు లాక్కుంది. అంత సులువుగా పోలేదు, పెనుగులాట జరిగింది అని రాస్తే నాకు మర్యాదగా ఉంటుంది. కానీ జరగలేదు. ఆమె అడిగింది, నేను ఇచ్చాను.

వాకిట్లో పీట మీద కూర్చుని రెండు ఫొటోలనూ ఒళ్లో పెట్టుకుంది. మామ రంజన్ పక్కన చేతులు కట్టుకుని, బడి పిల్లవాడిలా నిలబడ్డాడు. ఆమె ఒకటి చూసింది. ఇంకొకటి చూసింది. తన చెయ్యి ఎత్తి దాన్నీ చూసుకుంది. తెలియకుండానే వేలికి కొంగు చుట్టి ఉంది. టక్కున విప్పేసింది. మార్కెట్లో ఎవరో టమాటలు అరుస్తున్నారు. రంజన్ వైపు తిరిగింది.

“ఎన్నేండ్ల సంది నన్ను ఆడిస్తుండో అడుగు.”

 నేనే చెప్పాను, “మొదటికెల్లి అత్తమ్మా.”

“అందరు సూసిండ్రా?”

“అందరు.”

“నవ్విండ్రా?”

మామ అప్పుడు మాట్లాడాడు. రంజన్‌తో కాదు, ఆమెతో. “నవ్వి ఊకోలే ఆండాళూ. చివర్ల రాణి తలుపు తీస్తది సూడు, అప్పుడు ఏడ్సిండ్రు. ఆ తీసుడు గూడ నీదే. నువ్వు గొళ్లెం చప్పుడు గాకుండ తీస్తవు గదా.”

అత్తమ్మ తల దించుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందని నేను దగ్గరికి పోయాను. నవ్వుతోంది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, నాతో అన్నది, “సుత్తె తేపో.”

మామ నమ్మలేదు. “మరి, గోడ మీద ఇంకో ఆడది ఉండొద్దంటివి?”

“ఇంకో ఆడది ఏడున్నది? రెండు నేనేనాయె!”

ఆ విధంగా నాలుగో మేకు పడింది. రెండు ఫొటోలూ ఒకే ఫ్రేములో, పక్కపక్కనే. చూడటానికి వచ్చినవాళ్లు, “కళ్లు రాలేదేం?” అంటే నాకు రెండు రోజుల పాటు సిగ్గయింది. మూడో రోజు నుంచి, “కావాలనే చేత్తో చెప్పించాను” అనడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, అది శుద్ధ పొరపాటు. కానీ చూడండి, గురి కళ్ల మీద పడి ఉంటే ఆ ఫొటోలో మామ కనబడేవాడు. చేతి మీద పడింది కాబట్టి అత్తమ్మ కనబడింది. మూర్తిగారికి ఈ కథంతా చెబితే ఆయన కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వారు. “ఈ లెన్సు నా దగ్గర ఇన్నేళ్లుండి ఒక్క కాపురం బాగుచెయ్యలేదయ్యా” అన్నారు. దుకాణం మూసేనాడు అది నాకే రావడం వెనుక సంగతి ఇదీ.

మేకు కొట్టిన మరుసటి ఆదివారం ఇంకోటి జరిగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తమ్మ పీట వాల్చుకుని, “అందరు సూసిండ్రు, నేను సూడలే. జర చేసి సూపియ్యి” అంది. మామ బనియను, లుంగీ. రంగు లేదు, కిరీటం లేదు. జడకు బదులు తువ్వాలు. రంజన్ పక్కన కూర్చుని రాణి అయ్యాడు. “ఓ రంజనమా!” అని మొదలుపెట్టగానే ఆమె ఆపింది.

“గట్ల గాదు. నేను అట్ల మెడ వంచుతనా? జర పైకి. కోపం నాది, నేరం నాది గాదు.”

మామ మెడ ఎత్తాడు. ఎప్పుడూ ఆ సభలో ఎవరూ చూడని రాణి అక్కడ కనిపించింది. మూర్తిగారి కెమెరా ఇంకా నా మెడలోనే ఉంది. తీశాను.

పోయిన ఆదివారం సభ నుంచి తిరిగి వచ్చాక మేఘన, మామ ఇంటి నుంచి ఇప్పుడు మా గోడకు చేరిన ఆ ఫ్రేమును దించి, ఆ రెండు ఫొటోలనూ తన కెమెరాలో ఎక్కించుకుంది. వెనుక అట్ట తీస్తే మూడోది దొరికింది. మామ తువ్వాలు జడతో, అత్తమ్మ వేలు చూపిస్తూ, మధ్యలో రంజన్. దాంట్లో అన్నీ స్పష్టంగా ఉన్నాయి. రంజన్ మీది చెమట చుక్కల దగ్గర నుంచి వంటింటి తలుపు గొళ్లెం దాకా.

“తాతా, ఇది గూడ అదే లెన్సా? వెనక మసక ఏది? అంత పెద్ద లెన్సు పెట్టుకుని, ద్వారం సన్నగ మూసి తీసినవేంది?”

“ఏది వదిలిపెట్టాల్నో తెలవలేదు బిడ్డా.”

అది ఫొటో వదిలి నా వైపు చూసింది. దాని కళ్లు కూడా కొంచెం తడి అయినట్టున్నాయి. నాకు భయమేసింది. ఇంత మంచి మాట నేను ఊరికే చెప్పను గదా.

“నిజం చెప్పాల్నంటే, ఎండ మస్తుగ ఉండె. మూయకపోతే ఫిల్ము తెల్లబోతుండె.”

మేఘన ఫ్రేమును మేకుకు తగిలించి, వంకర సరిచేసి, వెనక్కి జరిగి చూసింది. “మొదటిదే రాసుకో తాతా. రెండోది ఎవరికి జెప్పకు.”

రెండూ రాశాను.